పైన్ గడప

మా ఆయన మదన్‌మోహన్‌కి ఓడల పిచ్చి. జహీరాబాద్‌లో టింబర్ డిపో పెట్టుకుని కూర్చుని గుజరాత్‌లోని కాండ్లా రేవు కబుర్లు చెబుతాడు. చైనాలో ఇళ్ల పని మందగించిందట, అక్కడికి పోవాల్సిన న్యూజిలాండ్ పైన్ చెక్క మన రేవులకు మళ్లిందట, బర్మా టేకేమో ధర మండిపోతోందట. దేశాల సంగతులన్నీ తెలుసు గానీ మా వంటింటి తలుపుకు గొళ్లెం పెట్టించడం మాత్రం తెలియదు మహానుభావుడికి!

ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి ప్యాకింగ్ పెట్టెలు చేయడానికి ఆ పైన్ తెప్పించాడు. మిగిలిన చెక్కలో ఒక ముక్కను పోయిన ఎండాకాలం శరణమ్మక్క కొత్తింటికి గడపగా అంటగట్టాడు. అల్లం పండించే మనిషి, పాపం, నమ్మింది.

"ఫారిన్ కట్టె శరణమ్మా, టేకెందుకు నీకు?" అన్నాడు.

నేను పక్కనే చాయ్ పోస్తున్నాను. అది మెత్తటి చెక్క, నీళ్లకు ఆగదని నాకు తెలుసు. శుక్రవారం వస్తే ఆమె గడప కడిగి పసుపు రాస్తుందనీ తెలుసు. అయినా నోరు విప్పలేదు. బేరం చెడితే ఈయన మొహం మాడ్చుకుంటాడని భయం.

నిన్న పొద్దున శరణమ్మక్క విరిగిన గడప ముక్క పట్టుకుని డిపోకు వచ్చింది.

"కొత్త కోడలు బిందె ఎత్తుకొని వచ్చుకుంట కడప తొక్కింది సేటు. పుటుక్కుమని ఇరిగింది. పెండ్లయి నెల గూడ గాలే. గీ పిల్ల మా ఇంటికి అచ్చిరాదు. కోహీర్‌ల ఉండె వాళ్ల నాయినను రమ్మన్న, తోల్కపోతడు. జర మంచి టేకుది ఇయ్యి."

"అయ్యో, గట్లనా!" అంటూ మా ఆయన టేకు దుంగల వైపు నడిచాడు. అంతే! ఇంకో మాట లేదు. నాకు ఒళ్లు మండింది. ఆయన్ను తిట్టబోయి ఆగిపోయాను. ఏ మొహంతో తిట్టను?

టేకు గడపతో వడ్రంగి ఎక్కిన ఆటోలోనే నేనూ ఎక్కాను. ఆ ఇంటి బయట కోడలు మానస బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె తండ్రి తల వంచుకుని ఉన్నాడు. నేను శరణమ్మక్క ముందు పాత ముక్కను చేత్తో నలిపాను. నానిన రొట్టెలా రాలింది.

"చూడు అక్కా. ఇది పెట్టెలు జేసే కట్టె. నీళ్లు వడితే మురుగుతది. నాకు ఎరుకే. పిల్ల కాలుది గాదు తప్పు, మాది."

"ఎరుకుండి అప్పుడెందుకు జెప్పకపోతివి?"

నేను ఆ ముక్కను ఆమె కాళ్ల దగ్గర పెట్టాను.

"దాన్ని ఎన్ని మాటలంటిని!" శరణమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కోడలి చేతిలో సంచి లాక్కుంది. "లోపలికి రా బిడ్డా."

వడ్రంగి కొత్త గడప బిగించాడు, శరణమ్మక్క పసుపు రాసి మళ్లీ పిలిచింది. మానస కదల్లేదు. నా వైపు చూసింది.

"అక్కా, ఇదన్న మంచి కట్టెనేనా?"

అవునంటే నా మాట ఎవరు నమ్ముతారు? చెప్పులు విడిచి, ఎవరూ తొక్కకూడని ఆ గడప మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాను. పాపం తగిలితే నాకే తగలనీ. గడప కదల్లేదు.

నేను దిగాను. మానస చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గడపకు తగలకుండా కాలు చాపి, ఒక్క గెంతులో దాటింది.