ఎండిన తాళ్లు

ఎనిమిది రోజుల ముసురు విడిచి, ఆ పొద్దున ఆకాశం తేటపడింది. ఎండ చురుక్కుమనగానే ఇస్తారి చూపు ముందుగా తాళ్ల మీదికి పోయింది.

రజాకార్లు కాల్చిపోయిన అనంతమ్మ ఇంటికి అన్నదమ్ములిద్దరూ మట్టిగోడ లేపుతున్నారు. గోడ మనిషెత్తు దాటాక రెండు నిచ్చెనలు నిలబెట్టి, నడుమ బల్ల వేసి, జనుప తాళ్లతో బిగించారు. గోడ వెంబడి ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. అది ఇస్తారి చేసిందే. వానలో కట్టిన ముడి ఎండకు వదులవుతుంది. ఎండ పొడవగానే విప్పి మళ్లీ బిగించాలి. ఈ సంగతి నేర్పకముందే తమ్ముడు వీరస్వామి రజాకార్లతో కొట్లాడే దళంలో కలిశాడు. పోలీసు యాక్షన్ అయ్యాక తిరిగొచ్చాడు.

వచ్చిన్నాటి నుంచి ఇబ్రహీంపట్నంలో ఎవరి నోట విన్నా వాడి పేరే. ఇరవై ఏళ్లుగా గోడలు లేపిన ఇస్తారిని పలకరించే దిక్కు లేదు.

అనంతమ్మ ముంతలో చల్ల తెచ్చి, ఇస్తారిని దాటిపోయి తమ్ముడి చేతికిచ్చింది.

"తాగు బిడ్డా. నీ చెయ్యి పడ్డంకనే గోడ లేస్తున్నది."

"లేపేది మా అన్ననే, అవ్వా."

"నాకెరుక లేదా? ముసురుల బీరతీగ గూడ మీ అన్న కన్న జల్ది పాకుతది."

ఇస్తారి నవ్వలేదు. ఎక్కకు, ముడి బిగించాలె అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాడు.

వీరస్వామి మట్టితట్ట నెత్తిన పెట్టుకొని ఎక్కాడు. బల్ల నడుమకు పోయాడో లేదో ముడి జారింది. తట్ట ముందు పడింది, వెనక మనిషి పడ్డాడు. కుడిచెయ్యి మోచేతి కింద విరిగింది.

ఎముకలు సరిచేసే బుగ్గయ్య వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు.

"ఎట్ల పడ్డవ్‌రా?"

"కాలు జారింది," అన్నాడు వీరస్వామి, అన్న వైపు చూడకుండా.

ఇంటికొచ్చాక ఇస్తారి పెండ్లాం ఈదమ్మ ముగ్గురికీ జొన్న గటక పెట్టింది. వీరస్వామి ఎడమచేత్తో కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ముడి వదులైందని నాకు పొద్దుగాలనే ఎరుక," అన్నాడు ఇస్తారి. "చెప్పలే."

ఈదమ్మ చేతిలో గంటె ఆగింది.

"పడ్డంక ముడి జూసిన," అన్నాడు వీరస్వామి. "నువ్వు కట్టిన ముడి నీకెరుక లేకుంట జారదు, అన్నా."

ఇస్తారి తమ్ముడి కంచంలోని గటక కలిపి, ముద్ద చేసి, నోటి ముందు పట్టుకున్నాడు. చెయ్యి అట్లాగే ఉండిపోయింది. చాలాసేపటికి వీరస్వామి నోరు తెరిచి ముద్ద అందుకున్నాడు.

ఈదమ్మ కూడా కూర్చుంది. ఇస్తారి ఇంకో ముద్ద కలిపాడు.