నాడి మీద నల్ల రిబ్బన్

నన్ను నేసింది జడల కోసం. ఒకే చుట్ట నుంచి తెగిన నా తోబుట్టువులు బడిపిల్లల భుజాల మీద ఊగుతున్నాయి. నల్ల రిబ్బన్‌నైన నేనొక్కదాన్ని మాత్రం సైన్యం పెట్టెలోకి చేరాను. అక్కడ నా రంగుకు అర్థం చెప్పారు. ఎర్ర రిబ్బన్ కట్టిన గాయస్థుడికి వెంటనే వైద్యం. పసుపు కట్టినవాడు కాసేపు ఆగగలడు. నేను ఎవరి మణికట్టు మీద ఉంటే అతను ఇక బతకడు. అతని దగ్గర ఆగకుండా ముందుకు వెళ్ళాలి.

ఏటా వేసవిలో కొత్త చేతులు నన్ను ముడివేసేవి. సైన్యం ఇచ్చే స్టైపెండ్‌తో చదువుకున్న డాక్టర్లు, నర్సులు రిజర్వు శిక్షణకు వచ్చి తీరాలి. ప్రాణం నిలిపే చదువు చదివినవాళ్ళకు ఎవరిని వదిలేయాలో నేర్పడం నాకు మొదట వింతగా ఉండేది. తరవాత అలవాటైంది. వాళ్ళకూ అంతే.

ఆ ఏడు పెన్నా ఒడ్డు మైదానంలో డాక్టర్ హైమవతి నన్ను కట్టింది. గాయస్థుడి వేషం వేసింది ఆమె ఆసుపత్రిలోనే పనిచేసే నర్సు ఓబులేసు.

"మెల్లగ కట్టక్కా. సచ్చేటోనికైనా నొప్పి ఉంటాది గదా."

"నువ్వు మాట్లాడకూడదు ఓబులేసూ. పోతున్నవాడివి."

"పోయేముందు రోంత నీళ్ళన్నా ఇయ్యక్కా."

ఆమె నవ్వి ఎర్ర రిబ్బన్ వైపు పరిగెత్తింది.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. అతని నాడి సరిగ్గా నా కిందే కొట్టుకుంటోంది. మొదట నిదానంగా, తరవాత తరుముతున్నట్టు. చెమట ఆగిపోయింది. చర్మం కాలిపోతోంది. గొంతులోంచి ఏదో గురక. అటుగా పోతున్నవాళ్ళు "భలే నటిస్తున్నాడు" అని నవ్వుకున్నారు. హైమవతి కూడా అతన్ని దాటుకుంటూ వెళ్ళింది. చూసింది, కానీ చూసింది నన్ను. ఆ ముడితోపాటు ఆమె మనసులో ఒక తలుపు కూడా మూసుకుందని అప్పుడు అర్థమైంది. నాకు నోరు లేదు. నాడి నా కింద దారంలా సన్నబడుతోంది.

మళ్ళీ వచ్చినప్పుడు ఆమె అడుగు తడబడింది. అతని నుదురు పొడిగా ఉంది.

"నల్ల రిబ్బన్ దగ్గర ఆగొద్దు డాక్టర్," శిక్షణ ఇస్తున్న సుబేదార్ అరిచాడు. "ఇందులో తప్పితే వచ్చే ఏడాది మళ్ళీ రావాలి, వస్తారా?"

ఆమె మోకాళ్ళ మీద కూలబడి నా కిందికి వేలు దూర్చింది.

"ఇది నటన కాదు, వడదెబ్బ," అంది. ఎవరూ కదల్లేదు. మళ్ళీ చెప్పవలసివచ్చింది.

నీళ్ళు, తడిగుడ్డలు, జీపు. ఆ హడావుడిలో నన్ను విప్పాలని ఎవరికీ తోచలేదు. ఆసుపత్రి మంచం మీద ఓబులేసు కళ్ళు తెరిచేసరికి నేనింకా అతని చేతికే ఉన్నాను. హైమవతి కత్తెరతో నన్ను తెంపింది.

"అక్కా," అన్నాడతను నెమ్మదిగా. "పిలుద్దామంటే నోరు రాలే. నీ బూట్లు నా పక్కనించి పోతాంటే చూసినా."



వాడేసిన దూది వేసే బుట్టలో పడ్డాను నేను. ఇక్కడినుంచి ఆమె చెయ్యి కనిపిస్తోంది. నేనున్న చోటే వేళ్ళు ఆనించి నాడి చూస్తోంది. నాడి ఎప్పుడో కుదుటపడింది. ఆమె చెయ్యి తీయడం లేదు.