పోరా అంటే వచ్చే కుక్క

బాబాయి టైలరు. ముందు గదిలోనే కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల. బట్ట కత్తిరించడం మాత్రం నేల మీద, దుప్పటి పరిచి. బడి చదువు అయ్యాక మా ఊరి నుంచి వచ్చి, వాళ్లింట్లో ఉండి కాజాలు కుట్టడం నేర్చుకుంటున్నాను. నేను మాట్లాడితే చేతిలో సూదికి కూడా వినపడదని పిన్ని అంటుంది.

పై అంతస్తులో ఉండే లెక్కల టీచరుగారు కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, తన కుక్కని డ్రైవరు చేత మా ఇంటికి పంపారు. నేల మీద జీరాడే జుట్టు, అందులో ఎక్కడో అణిగిపోయిన ముక్కు. ఏది ముందో ఏది వెనకో అది నడిస్తే గాని తెలియలేదు.

“షిట్జు,” అన్నాడు డ్రైవరు.

“జాతి పేరు చెప్పావా, తుమ్మావా?” అన్నాడు బాబాయి.

“మంచిది సార్. రా అంటే వస్తుంది, పో అంటే పోతుంది.”

“మా ఇంట్లో ఒకాయన ఆ మాత్రం కూడా వినరు,” అంది పిన్ని.

బాబాయి దానికి పొట్టోడు అని పేరు పెట్టాడు. కాపలాకి పనికిరాదని మొదటి రోజే తేలిపోయింది. గ్యాసు సిలిండరు తెచ్చినతని చెప్పు మీద తల ఆనించి పడుకుంది. నీళ్లు తాగితే మీసాలు తడిసి, ఇల్లంతా చుక్కలు పెట్టేది. మధ్యాహ్నం అది గురక పెడితే, పిన్ని బాబాయిని తట్టి లేపింది. రోజూ దువ్వకపోతే చెవుల వెనక జుట్టు ఉండలు కట్టేది. దువ్వుతుంటే ఒళ్లో ఒదిగిపోయేది. మనిషిని ఆనుకుని కూర్చోవడమే దాని ఉద్యోగం అని నాకర్థమైంది.

చిక్కల్లా బట్ట దగ్గరే. బాబాయి దుప్పటి మీద బట్ట పరిస్తే అది గుమ్మంలో నిలబడేది. “పోరా!” అనేవాడు. ఒక్క క్షణం ఆగి, పరుగున వచ్చి బట్ట మధ్యలో కూర్చునేది. ఒకసారి మీగడ రంగు శాటిన్ మీద తడి కాళ్లతో ఎక్కింది.

“ఇంకోసారి బట్ట మీద కాలు పెడితే డ్రైవరుకి అప్పజెప్పేస్తా. ఎక్కడ వదులుతాడో వాడిష్టం,” అన్నాడు బాబాయి.

ఆయన మాట కత్తెర వేసినట్టే, మళ్లీ అతకదు. వద్దు బాబాయ్ అన్నాను. సూదికి కూడా వినపడలేదు.

మర్నాడు దానికి స్నానం చేయించాను. జుట్టు ఒంటికి అంటుకుపోయి పిల్లి అంతే మిగిలింది. పొట్ట కింద సబ్బు రుద్దుతుంటే తెలిసింది, అది పొట్టోడు కాదు, పొట్టిది.

“పోవే, ఇన్నాళ్లూ చెప్పలేదేం?” అన్నాను.

నురగతోనే వెళ్లి తలుపు దగ్గర కూర్చుంది. “రా” అన్నాను. వచ్చింది. అప్పుడు అర్థమైంది. పోరాలో ముందు పో విని ఆగుతోంది, వెనకాలే రా విని వచ్చేస్తోంది. పాపం, చెప్పింది చెప్పినట్టే చేస్తోంది.

తుడుస్తుండగానే తప్పించుకుని ముందు గదిలోకి ఉరికింది. అక్కడ నేలంతా నీలం పట్టుబట్ట.

“ఒరే, రాకురా! పోరా!” బాబాయి కేక.

అన్ని ‘రా’లు విన్నాక ఏ కుక్క ఆగుతుంది? ముందుకాలు బట్ట అంచు మీదికి లేచింది.

“పోవే!” అని అరిచాను.

పిన్ని మిషను తొక్కడం ఆపేసింది. కుక్క వెనక్కి తిరిగి ఇస్త్రీ బల్ల కిందికి వెళ్లి పడుకుంది. బాబాయి దాన్ని చూడలేదు, నన్ను చూశాడు.

“అరిచింది నువ్వేనా అమ్మాయ్?”

“అది ఆడది బాబాయ్. నువ్వు పోరా అంటే దానికి రా అని వినపడుతోంది.”

బాబాయి బట్ట మడిచి పక్కన పెట్టాడు. “పోరా” అన్నాడు. వచ్చింది. “పోవే” అన్నాడు. పోయింది. మళ్లీ ఇంకోసారి చేసి చూశాడు.

“అయితే తప్పు దానిది కాదన్నమాట,” అని గొణిగి, బట్ట పరుచుకున్నాడు.

డ్రైవరు మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు బట్ట పరిచి ఆయన “పోవే” అంటే, వంటింట్లోంచి పిన్ని అడుగుతుంది: “నన్నేనా?”

“నిన్ను అనే ధైర్యం నాకెక్కడిది?” అంటాడు బాబాయి.

కుక్క మాత్రం ఎవరిని అన్నాడో అడక్కుండా వెళ్లి పడుకుంటుంది.