ముద్ర పడని ఉత్తరాలు

దారం కోసం మొగుడి పనిముట్ల పెట్టెలో అడుగు అర పైకి లాగితే, పెళ్ళయిన కొత్తలో తను రేడియోకి రాసిన ఉత్తరాలు కట్టగా కనిపించాయి. అంటించిన స్టాంపులు అలాగే ఉన్నాయి, ఒక్కదానిమీదా పోస్టాఫీసు ముద్ర లేదు.

ఆమె నేలమీద చతికిలబడింది. చేతులకి వెన్న, గోళ్ళలో దాల్చినచెక్క పొడి. వంటింటి బల్లమీద చాపలా చుట్టిన పిండి ఎదురుచూస్తోంది. కత్తితో కోస్తే దాల్చినచెక్క రోల్స్ నలిగిపోతాయి, దారం మెలేసి లాగితే చక్రాల్లా తెగుతాయి. ఇంకాసేపట్లో ఆయన పాత ఆఫీసు స్నేహితులు టీకి వస్తారు. "మా ఆవిడ చేతి రోల్స్ తిని చూడండి" అని ఫోన్లో ఆయన గొప్పలు పోవడం పొద్దున్నే వింది.

ఆమె ఫోన్లో, ఎవరో దాచుకుని నెట్‌లోకి ఎక్కించిన పాత రేడియో పాటల కార్యక్రమం నడుస్తోంది. అప్పట్లో ఆదివారం పదింటికి వచ్చేది. పాటకి ముందు అనౌన్సరు శ్రోతల పేర్లు, ఊళ్ళు గుక్క తిప్పుకోకుండా చదివేది. పెళ్ళికి ముందు ఆమె పేరు చాలాసార్లే వచ్చింది. "మళ్ళీ నువ్వేనటే!" అంటూ స్నేహితురాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పెళ్ళయ్యాక ఉత్తరం రాసి గుమ్మం పక్క గూట్లో పెట్టేది, ఆఫీసుకెళ్తూ ఆయన పోస్టు చేసేవాడు. పేరు వచ్చింది ఒక్కసారే. తరవాత ప్రతి ఆదివారం పిండి కలుపుతూ చెవి రేడియోకి అప్పగించి నిలబడేది. పేర్లయిపోయి పాట మొదలయ్యేది. "నీ ఉత్తరాలు చదవడానికి వాళ్ళకేం పనీపాటా లేదా?" అనేది అత్తగారు. "ఈ వారం కూడా రాలేదా, పాపం?" అనేవాడు మొగుడు, పేపరు తిరగేస్తూ. దస్తూరీ బాగాలేదేమోనని గుండ్రంగా రాయడం నేర్చుకుంది. భాష బాగాలేదేమోనని ఒకే ఉత్తరం మూడుసార్లు తిరగరాసింది. చివరికి సిగ్గేసి మానేసింది. కూతురు వ్యాసరచన పోటీకి పేరిస్తానంటే, "మనకి రాతలెక్కడొస్తాయే, నవ్వులపాలవుతాం" అన్నది కూడా తనే. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. అది గుర్తొచ్చి ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎవరు దాచారు? అనుమానం ముందు అత్తగారిమీదికే పోయింది. ఇప్పుడు లేని మనిషిని కాసేపు మనసారా తిట్టుకుంది. తరవాత పై కవరు వెలుగులోకి పట్టి చూసింది. అత్తగారు ఏ కవరైనా వేలు దూర్చి చింపేది. ఇవి బ్లేడుతో గీత గీసినట్టు తెరిచి ఉన్నాయి. ప్రతిదాని మూలనా ఎర్రసిరాతో వరస నంబరు, అందిన తేదీ. వచ్చిన ప్రతి ఉత్తరానికీ నంబరు వేసే ఆఫీసు టపా సెక్షన్లో ముప్పై ఏళ్ళు ఒక్క కాగితం పోనివ్వలేదని పేరు తెచ్చుకున్నాడాయన. అలవాటు ఎక్కడికి పోతుంది!

అత్తగారిని తిట్టుకున్నందుకు ఇంకో సిగ్గు. ఒక ఉత్తరం విప్పింది. "నేను మాట్లాడితే వినేవాళ్ళు ఈ ఇంట్లో లేరు, అందుకే ఈ పాట" అని రాసుకుంది తను. ఆయన అది చదివాడు. చదివి, నంబరు వేసి, తను వడ్డించింది తిని, పడుకుని నిద్రపోయాడు. నలుగురిలో బట్టలూడదీసి నిలబెట్టినట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఇంతా చేసింది ఆయనైతే, సిగ్గు తనకెందుకు? ఆ మాట తట్టాక లేచింది.

"ఏమిటే, రోల్స్ ఇంకా ఓవెన్లో పెట్టలేదా? వాళ్ళొచ్చేస్తారు!" అని ముందుగదిలోంచి కేక.

ఆమె వేడెక్కుతున్న ఓవెన్ ఆపేసింది. చేతులు కడుక్కుని, అతిథుల కోసం తుడిచిపెట్టిన పళ్ళెంలో ఉత్తరాలు పేర్చి ఆయన ముందు పెట్టింది.

"వాళ్ళొచ్చాక ఇవన్నీ నేనే చదివి వినిపిస్తాను. ఈలోగా మీరు చెప్పేదేమైనా ఉంటే చెప్పండి."

ఆయన నవ్వబోయాడు. "అమ్మ దాచిందేమోనే..."

"ఈ ఎర్రసిరా అత్తయ్యదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేనే. మొదటిది పోస్టు చేశాను, ఒట్టు. నీ పేరొచ్చిన మర్నాడు మా సూపర్నెంటు అందరి ముందూ, 'ఏమోయ్, మీ ఆవిడకి విరహగీతం కావాల్సొచ్చింది, నువ్వు ఇంట్లో ఉండవా?' అన్నాడు. సెక్షనంతా పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండోది జేబులోనే ఉంచేశాను. తరవాత... పేరు రాని ఆదివారం నువ్వు నోరెత్తేదానివి కాదు. ఏమన్నా పడేదానివి. నిజం చెప్తున్నా, నాకది హాయిగా ఉండేది."