కొండకొచ్చిన చుట్టాలు

రుబ్బురోలు కడుగుతుంటే మా అత్త ఆదిలక్ష్మమ్మ వచ్చి చెప్పింది. "సాయంత్రం రైలుకి గోవిందస్వామి మామోళ్లు కొండకొస్తాండారు. నీ గది ఇచ్చెయ్. బిడ్డను వంటింట్లో పండుకోబెట్టుకో. సర్దుకోవాలమ్మా."

తిరుపతిలో కాపురమంటే కొండకొచ్చే ప్రతి చుట్టానికీ ఇల్లు సత్రం కావడమే. యుద్ధంతో బియ్యానికి రేషను వచ్చిందిగాని చుట్టాలకు రాలేదు. మొక్కు వాళ్లది, పుణ్యం అత్తది, చాప చుట్టుకుని లేచేది నేను. రెండేళ్ల కిందట, కార్తీకంలో, నెల నిండని పెద్దబిడ్డతో ఇలాగే లేచాను. నీళ్లతొట్టి పక్కన తడి నేల మీద పడుకున్నాం. బిడ్డకు దగ్గు పట్టింది. చుట్టాలు లడ్డూలు మూటగట్టుకుని వెళ్లిన వారానికే బిడ్డ పోయింది. "మనకూ దానికీ రుణం అంతే. సర్దుకోవాలమ్మా," అంది అత్త అప్పుడు కూడా.

ఇప్పుడు చిన్నదానికి నిన్నటినుంచి దగ్గు.

నా భర్త సుందరరాజు హైస్కూల్లో తెలుగు పంతులు. కాఫీ ఇస్తూ అడిగాను. "సర్దుకోవడమనే మాట యాడ పుట్టిందండీ?"

ఆయనకు ముచ్చటేసింది. "మొదట సామాన్ల కాడ పుట్టింటుంది. బిందెలు, మూటలు సర్దుతారు గదా. ఆ తర్వాత మనుషులకొచ్చింటాది. ఏం, మళ్లా పరీక్ష రాస్తాండావా?" అని నవ్వాడు.

అటక ఇరుకని బిందె చెప్పదు. ఎవరో ఎత్తి పెడతారు, ఉంటుంది. సరే, మనుషుల్లోకే వచ్చిన మాట ఆయన దాకా ఎందుకు రాలేదు? ఎంతమంది చుట్టాలొచ్చినా ఆయన మంచం జానెడు జరగలేదు.

"బిడ్డకు దగ్గుగా ఉండాది. గది ఇయ్యలేను."

"రెండు దినాలే గదా! మామకు నేనేం చెప్పేది?"

"పెద్దదాని సంగతి చెప్పండి."

ఆయన కాఫీ సగంలోనే వదిలేసి, చొక్కా తొడుక్కుని స్టేషనుకు వెళ్లిపోయాడు.

పక్కబట్టలు, నీళ్ల చెంబు గదిలోకి తెచ్చుకున్నాను. దీపాల వేళకు వాకిట్లో జట్కా ఆగింది. "యాడుండావే? కాళ్లకు నీళ్లు తే!" అత్త కేక. లోపలినుంచి గడియ వేశాను.

మొదట వేళ్లతో కొట్టారు. తర్వాత పిడికిళ్లతో.

"చుట్టాల ముందర నా మానం తీస్తాండావు. తలుపు తియ్!" అన్నాడు సుందరరాజు.

"ఇంత చదువు చదివిస్తే ఇట్లే!" అత్త.

గడియ పాతది, ప్రతి దెబ్బకూ ఒక మేకు బయటికి వస్తోంది. బిడ్డను రొమ్ముకు పెట్టుకుని, తలుపుకు వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి కూర్చున్నాను.