వెనక ఇరుసు

తుప్పు పట్టిన నట్టు మీద కిరసనాయిలు పోసి, అది మరల్లోకి ఇంకేదాకా పైడన్న ఓపిగ్గా కూర్చున్నాడు. తర్వాత చిన్న సుత్తితో దాని చుట్టూ తట్టాడు. పానా తగిలించి లాగాడు. కదల్లేదు. మళ్లీ తట్టాడు. ఈసారి లోపలెక్కడో కిర్రుమంది. ఆ చప్పుడు వినగానే అతని మొహంలో బిగువు సడలింది. నట్టు వదిలింది. ఇక వేలితో తిప్పినా వస్తుంది.

బరంపురం దాటి ఇచ్ఛాపురం వెళ్లే రోడ్డు పక్కన, మొగలి పొదల కంచె లోపల, భీమేశ్వరరావు గారి పాత మోటార్ల దొడ్డి ఉంది. ఒకప్పుడు జమీందార్లు ఎక్కి తిరిగిన కార్లు, ఘాటీ రోడ్లలో నడుం విరిగిన బస్సులు చివరికి అక్కడికే చేరేవి. ఎవరికి ఏ భాగం కావాలన్నా ఆ కుప్పల్లో వెతికి, ఊడదీసి ఇవ్వడం పైడన్న పని. పొట్టి మనిషి. చెక్క ముక్కల్లాంటి వేళ్లు. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు. రంగూనులో ఒక లారీ చక్రం కింద పోయింది. ఎంత తోమినా గోళ్లలోంచి గ్రీసు నలుపు పోదు కనుక తోమడం ఎప్పుడో మానేశాడు.

అతనిది సోనేపూర్. వల లాగే కుటుంబం. పెళ్లయిన మరుసటేడు గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూను వెళ్లాడు. రేవులో బస్తాలు మోశాడు. తర్వాత ఒక మోటారు షాపులో చేరాడు. అక్కడ కూడా అతనికిచ్చింది విప్పే పనే. బిగించడానికి వేరే మనుషులుండేవారు. తెలుగు కూలీల మీద అక్కడ దాడులు మొదలయ్యాక, కట్టుబట్టలతో తిరిగి వచ్చాడు.

వచ్చేసరికి భార్య కాసమ్మ నడినెత్తి మీద జుట్టు లేదు. అన్నేళ్లూ చేపల గంప మోసిన చోట చర్మం నున్నగా, అరచేతిలా అయిపోయింది. సోనేపూర్ నుంచి బరంపురం బజారుకు నడిచి వెళ్లడం, మళ్లీ నడిచి రావడం. పైడన్న దొడ్డిలో పనికి కుదిరాక, బజారు నుంచి తిరిగి వెళ్తూ ఆమె అక్కడ ఆగేది. దొడ్డి మూలన ఒక పాత బస్సు ఉంది. ఇంజను తీసేశారు గాని చక్రాల మీద నిలబడే ఉంది. పైడన్న అందులోనే ఉండేవాడు. కాసమ్మ ఖాళీ గంప కింద పెట్టి, మెట్టెక్కి, కిటికీ పక్క సీటులో కూర్చునేది. ఇద్దరూ గంజి తాగేవారు. ఆమె ఊరి కబుర్లు చెప్పి, అలాగే ఒక కునుకు తీసి లేచేది. పిల్లలు నిలవని ఆ ఇద్దరికీ కలిసి కాపురం చేసినట్టు అనిపించిన చోటు అదొక్కటే.

ఒక ఎండాకాలం ఆమె రోడ్డు పక్కన గంప దించుకుని కూర్చుని, మళ్లీ లేవలేదు. ఆ తర్వాత పైడన్న సోనేపూర్ వెళ్లలేదు.

ఊడదీసిన కమాను కట్టను, బండి బరువు మోసే ఇనప పట్టీలను, అతను గోనె మీద పెడుతుండగా, కంచె తడిక తోసుకుని జగ్గన్న వచ్చాడు. సోనేపూర్ దారిలో బస్సు నడిపే డ్రైవరు. వాసనొస్తుందని మిగతా బస్సుల వాళ్లు చేపల గంపల్ని ఎక్కనివ్వరు. కాసమ్మ పోయాక ఆ దారికి వచ్చిన జగ్గన్న ఎక్కనిచ్చేవాడు. వెనక ఇరుసు విరిగి ఆ బస్సు గిరిసోల ఊరి అవతల రోడ్డు పక్కన నిలిచిపోయింది. ఆడవాళ్లు మళ్లీ నడుస్తున్నారు.

"ఏటయిందిరా? దొరికిందేటి?" అన్నాడు పైడన్న.

"నేదు మావా. మద్రాసు నుంచి రావాలంట. ఎప్పుడొత్తాదో ఆళ్లకే తెలవదు. వానలు పడిపోతే ఆ ఇసక రోడ్డులో బండి కూరుకుపోద్ది. ఇంక లెగదు."

జగ్గన్న చూపు మూలనున్న బస్సు చక్రాల మీదికి వెళ్లింది. వెంటనే పక్కకు తిప్పుకున్నాడు. రెండు బండ్లూ ఒకే కంపెనీవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నోరు తెరిచి అడగలేక జగ్గన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

పైడన్న పొద్దుటినుంచీ పీకుతున్న ఎడమ భుజాన్ని రుద్దుకుంటూ ఆ బస్సు వైపు చూశాడు. ఇరుసు తీస్తే వెనక భాగం నేలకు దిగుతుంది. వానాకాలం నీళ్లు లోపలికి వస్తాయి. చెదలు పడతాయి. కిటికీ పక్క సీటు ముందు పోతుంది.

"నిన్న పొద్దుట ఆళ్లు ఈ రోడ్డమ్మటే ఎల్లారు. సీతాలు కుంటతంది," అన్నాడు. సీతాలు కాసమ్మ చెల్లెలు. "దాని నెత్తి కూడా అలాగే అయిపోనాది."

పైడన్న లేచి పానాలు చేతిలోకి తీసుకున్నాడు.

"జాకీ అట్టుకురా."

పాక లోంచి భీమేశ్వరరావు బయటికి వచ్చాడు. జరుగుతున్నది అర్థమై, చేతిలోని పత్రిక మడిచాడు.

"నేను తియ్యమనలేదు పైడన్నా. అది నీ ఇల్లు. ఎవరొచ్చినా దాని జోలికి పోనివ్వలేదు నేను."

"తెలుసు బాబూ. నానే తీత్తన్నాను."

బస్సును జాకీ మీద ఎత్తి, కింద దుంగలు పేర్చారు. పైడన్న వెల్లకిలా పడుకుని లోపలికి పాకాడు. తుప్పు రాలి కళ్లలో పడింది. ఒక్కో నట్టుకీ కిరసనాయిలు, ఒక్కో నట్టుకీ ఓర్పు. తన సొంత కప్పు కింద పడుకుని, తన సొంత నేలను ఊడదీస్తున్నాడు. చేతులు మాత్రం ఎప్పటిలాగే పని చేశాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇరుసు ఊడి జగ్గన్న చేతుల్లోకి వచ్చింది. జాకీ దించినప్పుడు బస్సు వెనక భాగం మూలుగుతూ దుంగల మీదికి ఒరిగింది. పైడన్న కాసేపు అటే చూసి, మొహం తుడుచుకున్నాడు.

"బిగించడానికి మనిషున్నాడేటి?"

"ఎవుడూ నేడు మావా. నువ్వొత్తావేటి?"

కాసమ్మ పోయిన ఆ సోనేపూర్ రోడ్డు మీద పైడన్న అడుగు పెట్టి మూడు ఎండాకాలాలయింది. చివరికి పానాలు గోనెసంచిలో వేసుకుని, ఇరుసు పెట్టిన ఎద్దుబండి ఎక్కాడు.

విరిగిన ఇరుసు తీయడం అతనికి అలవాటైన పని. తెచ్చినదాన్ని బిగించడమే అలవాటు లేనిది. బిగించిన నట్టునే మళ్లీ మళ్లీ తడిమి చూసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు రోడ్డు పక్కన కూర్చుని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాడు జగ్గన్న, నీళ్లిచ్చాడు.

పొద్దు వాలుతుండగా ఇంజను పలికింది. బస్సు వణికి, ముందుకొక గజం నడిచి ఆగింది. సరిగ్గా అప్పుడే బజారు నుంచి ఆడవాళ్లు ఖాళీ గంపలతో వస్తున్నారు. బస్సు కదలడం చూసి ముందున్న మనిషి కేక పెట్టింది. అందరూ పరుగెత్తారు. సీతాలు కుంటుతూనే పరుగెత్తింది.

"బావా! నువ్వేనేటి బాగుసేసినావు?"

"ఇరుసు ఏసినాను. అంతే."

"మరి ఎక్కు. ఊరికి రా. అక్క పోయిన కాడినుంచి రానేదు. ఈ పూట మా ఇంట్లో తిని తొంగుందువు గాని."

పైడన్న బరంపురం వైపు ఒకసారి చూశాడు. "ఎల్దాం," అన్నాడు.

కిటికీ పక్క చోటు అతనికి వదిలారు. ఇన్నేళ్లూ బస్సులతోనే బతికినా, కదిలే బస్సులో సీటు మీద కూర్చోవడం అతనికి బాగా కొత్త. చెట్లు వెనక్కి పోతుంటే చిన్నపిల్లవాడిలా చూశాడు. ఆడవాళ్లంతా ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒక మలుపు దగ్గర సీతాలు మాట ఆపింది. కాసమ్మ కూర్చుండిపోయిన చోటు అది. పైడన్న ఆ చోటు దాటేదాకా తల తిప్పకుండా చూశాడు.

"నడిసొస్తే ఎంత దూరమో," అన్నాడు మెల్లగా. "ఇలాగైతే ఎంతసేపూ పట్టదు."

తర్వాత సముద్రపు గాలి తగిలింది. తల కిటికీ చట్రానికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అలిసిపోయాడని ఎవరూ కదపలేదు.

సోనేపూర్ ఇసుకలో బస్సు ఆగింది. ఆడవాళ్లు గంపలు దించుకుని ఒక్కొక్కరే దిగారు. సీతాలు వెనక్కి వచ్చి అతని భుజం తట్టింది.

"బావా, ఊరొచ్చీసినాది. దిగు."

మళ్లీ తట్టింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. జగ్గన్న వచ్చి చూసి, వెళ్లి ఇంజను ఆపేశాడు. అప్పటిదాకా వినబడని అలల చప్పుడు ఒక్కసారిగా వినబడింది.

నలుగురు పట్టి దింపుతుంటే అతని కాళ్లు ఉత్తవిగా ఉండడం జగ్గన్న గమనించాడు. చెప్పుల కోసం సీట్ల కింద వెతికాడు. దొరకలేదు.

మర్నాడు తెల్లవారి మొదటి ట్రిప్పులో, నిండు గంపలతో వెళ్తున్న ఆడవాళ్లే వాటిని చూశారు. గిరిసోల దగ్గర, నిన్న బస్సు నిలిచిన చోట, ఎవరింట్లోకో అడుగు పెట్టబోతూ గుమ్మం ముందు విప్పినట్టు, పాత టైరు కోసి కుట్టుకున్న అతని చెప్పులు రోడ్డంచున జతగా ఉన్నాయి.