ఇంజన్ పుట్టిన నెల

డెల్విన్ బౌమా నా కారు గేర్‌బాక్స్ మార్చేశాడా అన్న అనుమానం చాలా ఏళ్లుగా నాతోనే ఉంది. మా అరవైతొమ్మిది మోడల్ కారు గేర్లు పడక మొరాయిస్తుంటే, ఓ చలికాలం అతని షెడ్డులో విప్పించాను. తిరిగొచ్చాక గేర్లు వెన్నలో కత్తిలా పడ్డాయి. కాని గేర్‌బాక్స్ మీద ఫ్యాక్టరీవాళ్లు కారు నంబరు కొట్టే చోట నున్నటి వెండి రంగు తప్ప ఏమీ కనిపించలేదు. డెల్విన్‌కీ అదే రకం కారుంది. అప్పటినుంచి అతను నాతో ముభావంగానే ఉంటున్నాడు.

అడిగెయ్యొచ్చుగా అంటారు. మేం ఒకే చర్చిలో ముందు వెనక బెంచీలవాళ్లం. తోటివాడి మీద మనసులో ఏదైనా ఉంటే రొట్టె తీసుకునే ప్రభువు బల్ల దగ్గరకు రాకముందే సర్దుకోమని పాస్టరుగారు ప్రతిసారీ చదువుతారు. అది వింటే రొట్టె నా గొంతు దిగదు. అడిగాక అతను మంచివాడని తేలితే? అడగకుండా ఊరుకుంటే, అతను దొంగే అయితే? ఏది పెద్ద తప్పో నాకు తెలియలేదు.

ఈ మార్చిలో కారు అమ్మకానికి పెట్టాం. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఫ్యాక్టరీవేనని సంతకం పెట్టాలన్నాడు కొనే ఆయన. తెలియనిదానికి సంతకమెలా పెట్టను? ఇలాంటి కార్లు పరీక్షించే బెర్నిస్ వొజ్నియాక్‌ను ఫ్లింట్ నగరం నుంచి పిలిపించాను. మా మామగారు టీమెన్ ఈ కారు కొత్తగా కొన్నారనీ, మా పెళ్లికి ఇచ్చారనీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"కథలు కాఫీ దగ్గర చెబుదురుగాని. ముందు ఇనుమును అడగనివ్వండి."

గేర్‌బాక్సే మొదట చూడమన్నాను. ఆమె లైటు పట్టుకుని కారు కిందికి దూరి, రంగు కరిగించే మందులో తడిపిన గుడ్డతో తుడిచింది. డెల్విన్ చేతి శుభ్రం నాకు తెలుసు. ఏ వస్తువు బాగుచేసినా రంగు వెయ్యకుండా తిరిగివ్వడు. ఆ మందపాటి రంగు కరిగి అంకెలు బయటపడ్డాయి. ముందు అద్దం కింద కారు నంబరున్న పలక మీది అంకెలూ అవే. నాకు సంతోషం కలగాలి. కాని ఇన్నేళ్లు మోసిన బరువు ఉత్త గాలిమూటని తేలితే చేతులేం చెయ్యాలో తోచలేదు. యాక్సిల్ కూడా అసలుదే.

తర్వాత ఇంజన్ దగ్గర చాలాసేపు వంగి ఉండిపోయింది. నంబరు సరిపోయిందిగా అన్నాను.

"నంబరు సరే, దాని కింద గీతలేవీ? ఫ్యాక్టరీ చదును చేస్తే సన్నటి నిలువు గీతలు పడతాయి. ఇక్కడ గుండ్రంగా అరగదీసి ఎవరో మళ్లీ కొట్టారు." చిన్న అద్దం ఇంజన్ వెనక్కి పెట్టి, పోతలోనే అచ్చయిన తేదీ చూసింది. "కారు తయారైంది ఫిబ్రవరిలో. ఈ ఇంజన్ పోత పోసింది మేలో. బిడ్డ తర్వాత తల్లి పుడుతుందా సార్?"

బాదం రొట్టె పళ్లెంతో వచ్చిన నా భార్య వెల్మా అక్కడే ఆగిపోయింది. వాళ్ల నాన్న చర్చి పెద్ద. ఈ కారు ఇంజన్ మీద ఫ్యాక్టరీవాళ్లది తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదని చనిపోయేదాకా చెప్పిన మనిషి. ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

అనుమానం ఇప్పుడు ఇంకోవైపు తిరిగింది. గేర్‌బాక్స్ దింపితే ఇంజన్ వెనక వైపున్న ఆ తేదీ కళ్లెదురుగా ఉంటుంది. అంటే డెల్విన్ చూసే ఉంటాడు. ఆ సాయంత్రమే వెళ్లి అడిగాను.

అతను గడ్డం గోక్కున్నాడు. ఆనాడే చూశాననీ, టీమెన్‌గారినే అడిగాననీ చెప్పాడు. కారు కొన్న వేసవిలోనే ఆయన పక్క ఊరి కుర్రాళ్లతో కార్ల పందెం వేసి ఇంజన్ పగలగొట్టుకున్నారట. పందేలాడినవాణ్ని చర్చి పెద్దగా ఎవరుంచుతారని భయపడి, గుట్టుగా వేరే ఇంజన్ పెట్టించారట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"గెరిట్, ముసలాయన ఏడ్చాడు. వెల్మాకు తెలియనివ్వనని మాటిచ్చాను. అప్పట్నుంచి నీతో మాట్లాడాలంటే నోరెక్కడ జారుతుందోనని భయం." నా ముఖం చూసి, "నువ్వేమనుకున్నావు, నీ గేర్‌బాక్స్ మింగేశాననా?" అన్నాడు.

అతను పెద్దగా నవ్వాడు.

"అనుకునే ఉంటావు. లేకపోతే నాకు రావలసిన ఒక రోజు పని ఎందుకు ఎగ్గొడతావు?"

మాలో పనికి పనే బదులు. గేర్‌బాక్స్ రోజుకు బదులుగా అతని బ్లూబెర్రీ పళ్ల తోటలో నేను ఒక రోజు కొమ్మలు కత్తిరించాలి. అనుమానంతో నేనటు పోలేదు, అతను పిలవలేదు.

ఉన్నదున్నట్టు చెబితే కొనే ఆయన వెనక్కి తగ్గాడు. డెల్విన్ చెప్పిందంతా విన్నాక వెల్మా ఒక్కమాటే అంది: "నాన్నకు మనమంటే అంత భయమా?"

సోమవారం పొద్దున్నే కత్తెర పట్టుకుని డెల్విన్ తోటకు వెళ్లాను. ఎండిన కొమ్మలు కోసే కొద్దీ పొదలు పలచబడి, వెనక మంచు కరిగిన నేల కనిపించింది. పొద్దు వాలేసరికి చివరి వరుస కూడా అయింది.

"బాకీ చెల్లు. లోపలికి రా, బఠాణీ సూప్ చల్లారిపోతోంది," అన్నాడు డెల్విన్.